నేను రంగం చెప్పిన క్లాసు

ఆ రోజుల్లో లష్కర్‌లో (సికింద్రాబాదును మా ఇళ్ళల్లో అలాగే అనేవాళ్ళం) వార్తలు పత్రికలకంటే ముందు కూరగాయల సంచుల్లో వచ్చేవి. మా ఇంటికి వాటిని మోసుకొచ్చేది మా చిన్న మేనత్త. పొద్దున్నే మోండా మార్కెట్‌కు వెళ్ళి సంచెడు కూరలూ సంచెడు కబుర్లూ తెచ్చేది. వంకాయల్లో పుచ్చులుంటే వెనక్కి తీసుకెళ్ళి కొట్లాడేది గాని, కబుర్లలో పుచ్చులను మాత్రం ఎన్నడూ ఏరి పారేయలేదు. పోలీసు యాక్షన్ జరిగి కొన్నేళ్ళయిన తర్వాత ఒక ఆషాఢమాసంలో, లష్కర్ బోనాలు ముగిసి ఇంకా వీధుల్లో పసుపునీళ్ళ మరకలు ఆరకముందే, ఆవిడ గుమ్మంలోంచే కేక పెట్టింది: "ఏమే పంతులమ్మా, నీ నౌకరీకి ఎసరొచ్చిందే!"

నేను సగం వేసిన జడతోనే గుమ్మంలోకి వచ్చాను. "ఏమైంది అత్తా?"

"ఎవరో ఆఫీసరు అస్తుండట. పంతులమ్మలల్ల తప్పులు ఎంచుతడట. తప్పున్నోళ్ళను ఇంటికి తోలుతడట."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"వంకాయలామె. ఆమెకు మీ పెద్దపంతులమ్మ వంటమనిషి చెప్పిందట. బేరం జేసుకుంట చెప్పిన మాట, అబద్ధమెట్లయితది?"

ఇప్పుడు నవ్వొస్తుంది గాని, ఆ పొద్దున నాకు అన్నం దిగలేదు. ఎందుకంటే నాలో తప్పులుంటాయని నాకు ముందే గట్టి అనుమానం. నేను బడి గడప మొట్టమొదటిసారి తొక్కింది పాఠం చెప్పడానికే. చదువుకోవడానికి ఒక్కనాడూ తొక్కలేదు. మా నాన్నగారు సాయంత్రాలు ముందుగదిలో మా బాబాయి కొడుకులకూ, ఇరుగుపొరుగు మగపిల్లలకూ చదువు చెప్పేవారు. నేను తలుపు వెనక చేటలో బియ్యం పెట్టుకుని కూర్చునేదాన్ని. పరాయి పిల్లలున్న గదిలోకి ఆడపిల్ల గొంతు వినబడకూడదని మా నానమ్మ శాసనం. నాన్నగారు ఆ శాసనాన్ని కాదనకుండానే దాటారు: ప్రశ్న తలుపు వైపు తిరిగి అడిగేవారు, నా తరఫున జవాబు తానే చెప్పేవారు, చివరికి "సెబాష్!" అని తలుపును మెచ్చుకునేవారు. (మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సెబాష్‌లు అందుకున్నది ఆ టేకు తలుపే.) అలా చదివి, ఇంటినుంచే పరీక్ష కట్టి, భగవంతుడి దయవల్ల గట్టెక్కాను. పోలీసు యాక్షన్ తర్వాత బళ్ళల్లో తెలుగు క్లాసులు తెరిచేసరికి పిల్లలు దొరికారు, బెంచీలు దొరికాయి, చెప్పేవాళ్ళు దొరకలేదు. తెలుగు చదవడం, రాయడం వచ్చిన ఆడమనిషి ఒకతె ఫలానా ఇంట్లో ఉందని తెలిస్తే ఇంటికొచ్చి పిలుచుకుపోయిన కాలమది. నన్నూ అలాగే పిలిచారు. ఆ పిలుపుకు ఇవాళ్టికీ దండం పెట్టుకుంటాను.

సరే, ఆఫీసరు వచ్చారు. ఎక్కడో పెద్ద శిక్షణ పొంది వచ్చారట. ఆ మాట ఆయనే చెప్పారు, నాలుగైదుసార్లు చెప్పారు. ఆయన తెచ్చిన కొత్త సరుకు పేరు చర్యా పరిశోధన. పేరు వినగానే మా కుట్టు టీచరు, "చర్య అంటే మన మీద తీసుకునేదే కదండీ?" అని నా చెవిలో వణికింది. తీరా చూస్తే సంగతి చిన్నది, నిజం చెప్పాలంటే మంచిది కూడాను. ఎవరి క్లాసును వాళ్ళే పరీక్షగా చూసుకోవాలి. పాఠంలో ఎక్కడో తేడా వస్తున్న చోటు ఒకటి పట్టుకోవాలి, ఎందుకు వస్తున్నదో ఆలోచించాలి, ఏదో ఒక మార్పు చేసి చూడాలి, ఏమయిందో గమనించి నలుగురిలో చెప్పాలి. ఈ కాస్త చెప్పడానికి ఆయనకు ప్రార్థన గంట దగ్గరనుంచి మధ్యాహ్నం అన్నం గంట దాటేదాకా పట్టింది. ఉపాధ్యాయులు ఏకధాటిగా మాట్లాడకూడదన్న విషయం మీద ఏకధాటిగా మాట్లాడారు. క్లాసులో ప్రశ్నలకు చోటుండాలన్నారు. మా చరిత్ర టీచరు చెయ్యెత్తితే "చివర్లో, చివర్లో" అన్నారు. చివర్లో టీ తాగి వెళ్ళిపోయారు. మాటకు ముందొకసారి, వెనకొకసారి "మీ లోపమేమిటి?" అని మా వంక వేలు చూపించడం వల్ల సాయంత్రానికల్లా ఆయన పేరు లోపాలాయన అని స్థిరపడింది.

ఇక బడంతా లోపాల వేట. మా చరిత్ర టీచరు ఎంతో నిజాయితీగా వెతుక్కుని తన లోపం కనిపెట్టింది: తన క్లాసులో పిల్లలకు బుర్ర లేదు. కుట్టు టీచరు లోపం, సర్కారు పంపిన సూదులు మొద్దువి కావడం. పెద్దపంతులమ్మగారు (చేతిలో ఇత్తడి గంట ఎప్పుడూ వదలరు కనుక మాకు గంటమ్మగారు) "ఎంత వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదమ్మా, ఏం చెయ్యను?" అని నిజంగానే దిగులుపడ్డారు. నేను ఇంట్లో దేవుడి ముందు కూర్చుని, "తండ్రీ, నా లోపం నాకు చూపించు" అని కళ్ళు మూసుకున్నాను. వెంటనే గంటమ్మగారి లోపాలు వరసగా కనబడ్డాయి. వాటి వెనక చరిత్ర టీచరువి, ఆ వెనక మా మేనత్తవి. అన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, స్వామి నా ప్రార్థన ఆలకించాడనే అనుకున్నాను. నావి మాత్రం ఆ పూటకు రాలేదు.

మా అందరి లోపాలూ ఊరివాళ్ళ లోపాలుగా తేలుతున్నాయని లోపాలాయనకు కబురందినట్టుంది, రెండో ఉత్తర్వు పంపారు: మీ కళ్ళకు మీరు కనబడరు కనుక ఇద్దరిద్దరుగా జతకట్టండి, ఒకరి క్లాసులో ఒకరు వెనక బెంచీలో కూర్చుని చూడండి, నేను వచ్చినప్పుడు అందరి ముందూ చెప్పండి. గంటమ్మగారు జతలు కట్టారు. ఎవరికీ అక్కర్లేని ఇద్దరం మిగిలాం: కొత్తగా వచ్చిన నేను, పాతగా మిగిలిన ఆపా.

బడంతా ఆపా (ఉర్దూలో అక్క) అని పిలిచే ఆమె గురించి చెప్పాలి. యాక్షన్‌కు ముందు అదే బడిలో ఉర్దూలో లెక్కలు చెప్పేది. ఉర్దూ క్లాసులు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే, నోటికి తెలుగు బాగానే వచ్చు కనుక ఆమెను తెలుగు క్లాసుకు మార్చారు. తెలుగు అక్షరాలు మాత్రం రావు. "లెక్కకు అక్షరాలెందుకే, అంకెలు సాలవా?" అనేది. బుర్ఖా విప్పి తలుపు వెనక మేకుకు తగిలించి, పాన్ బుగ్గన పెట్టి, వరండా చివరిదాకా వినబడే గొంతుతో మొదలుపెట్టేది. నేను చేరిన మొదటి రోజు గుమ్మంలోనే నిలబడిపోతే, వీపు మీద చరిచి, "పోరీలే గదనే, పులులా? పో లోపలికి!" అని తోసింది ఆమే. వాళ్ళాయన నిజాం ఫౌజులో పనిచేసేవాడు. యాక్షన్ తర్వాత ఫౌజును ఎత్తేశారు. ఆయన పొద్దున్నే లేచి బూట్లకు పాలిష్ పట్టి, తొడుక్కుని, వెళ్ళవలసిన చోటు లేక మళ్ళీ విప్పేసేవాడట. ఆపా ఈ మాట నవ్వుతూనే చెప్పేది. ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తున్నది. గంటమ్మగారికేమో ఆమె పేరెత్తితే గంట దానంతటదే మోగేది: "జమా, తఫ్రీఖ్ ఏవిటమ్మా! కూడిక, తీసివేత అని నోరు తిరగదా? ఇదీ ఒక తెలుగేనా?" గంటమ్మగారు యాక్షన్ తర్వాత బెజవాడ నుంచి వచ్చారు. (అక్కడి నుంచి వచ్చిన మంచివాళ్ళూ ఉన్నారు. మా కుట్టు టీచరు కూడా అటువైపు మనిషే, ఆ చల్లని తల్లి పప్పుచారు రుచి ఇంకా నా నాలుక మీద ఉంది.)

ముందు నేను ఆపా క్లాసులో కూర్చున్నాను. శేరుకు పావుశేర్లెన్ని అన్న దగ్గర మొదలైంది. ఆపా ప్రశ్న వేసి కిటికీ దగ్గరకు వెళ్ళి పాన్ ఊసి వచ్చేలోపల పిల్లలు రెండు పార్టీలయ్యారు. "మూడేనే!" "నీ మొకం, నాలుగు! మా అమ్మ రోజు కొలుస్తది." డబ్బాలు తెచ్చి ఇసుక పోసి కొలిచారు, నేలంతా ఇసుక చేశారు, ఒకతె ఇంకొకతె జడ లాగింది. చివరికి అందరికీ లెక్క వచ్చింది. నాకు మాత్రం తలనొప్పి వచ్చింది.

మర్నాడు ఆపా నా క్లాసులో కూర్చుంది. నా క్లాసంటే నాకు లోలోపల గర్వం. గుడిలో ఉన్నంత నిశ్శబ్దం. పాఠమంతా ధారగా సాగింది. గంట కొట్టాక వరండాలో ఆపా నా భుజం మీద చెయ్యి వేసింది.

"చెల్లె, గుస్స జెయ్యకు. ఒక మాట అంట."

"అనుండ్రి ఆపా."

"సవాల్ నువ్వే అడుగుతవ్. జవాబ్ నువ్వే చెప్తవ్. మల్ల నువ్వే సెబాష్ అంటవ్. గా పోరీలు నడ్మల ఎందుకే? ఇంట్ల కూసోని జెప్పుకో, సర్కారుకు బెంచీలన్న మిగుల్తయ్!"

ఆమె ఇంకా అడిగింది: "సెబాష్ అన్నప్పుడు పోరీల దిక్కు సుత చూస్తలేవు. తలుపు దిక్కు చూస్తున్నవ్. తలుపు కాడ ఎవరున్నరే?"

అప్పుడు తెలిసింది నాకు, తలుపు కాడ ఎవరున్నారో. మా నాన్నగారి ముందుగది, బియ్యం చేట, లోపలే మింగేసిన జవాబులు అన్నీ చెప్పాను. ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "అరె, మీ నాయిన మంచోడే. గని నీకు వద్దన్న గొంతే గదనే, గీళ్ళకు సుత వద్దంటవా?" అంది. నా లోపం ఇంతకంటే తేటగా ఏ శిక్షణా చెప్పలేదు.

"మరి ఏం జెయ్యాలె?"

"సవాల్ అడిగినంక జెర నోరు మూస్కో. ఎవరో ఒకరు అంటరు."

"ఎంతసేపు?"

"గదేం సవాలే? జెర!"

ఆ "జెర" (అంటే కాస్త) దగ్గరే నేను దారి తప్పాను. పరిశోధన అన్నాక ఒక పద్ధతి ఉండాలి కదా అని ఇంట్లో ఆలోచించాను. నోరు ఊరుకోవాలంటే దానికి వేరే పని ఉండాలి. నాకు తెలిసిన పని ఒకటే: రామనామం. ప్రశ్న అడగడం, కొంగు కింద తులసిమాల పట్టుకోవడం, ఒక్క మాల పూర్తయ్యేదాకా నోరు తెరవకపోవడం. (మాల అంటే ఎంత సేపో జపం చేసేవారికి తెలుసు. పాలు పొంగించి, దింపి, తోడువేసి రావచ్చు. ఆపా చెప్పిన జెర అంత పొడుగని నేనే ఎలా అనుకున్నానో, ఆ రాముడికే తెలియాలి.)

ఆ రోజు పాఠం వానల గురించి. "వాన ఎక్కణ్ణుంచి వస్తది?" అని అడిగాను. జవాబు నాలుక చివరికి వచ్చేసింది. గబగబా మాల పట్టుకున్నాను. కళ్ళు తెరిచి ఉంటే పిల్లల మొహాలు చూసి చెప్పేస్తానేమోనని గట్టిగా మూసుకున్నాను కూడా. పెదాలు కదులుతున్నాయి, శ్రద్ధ ఎక్కువై ఒళ్ళు కొంచెం ఊగుతున్నది. క్లాసు కాసేపు బిత్తరపోయింది. తర్వాత బెంచీలు కిర్రుమన్నాయి. ఓర కంటితో చూస్తే అందరూ లేచి నిలబడి ఉన్నారు, చేతులు జోడించి. మా జట్కావాడి కూతురు, మేం మిరపకాయ అని పిలుచుకునే పిల్ల, ఒక అడుగు ముందుకు వచ్చి వంగి అడిగింది:

"అమ్మా, ఈ ఏడు వానలు మంచిగ పడ్తయా?"

విషయం మీకు అర్థమయ్యే ఉంటుంది. లష్కర్ బోనాల మర్నాడు అమ్మవారి గుడిలో రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి, అమ్మ ఒంటి మీదికి వచ్చి, జనం అడిగినదానికల్లా ఆ ఏడు ఏం జరగబోతుందో చెబుతుంది. పిల్లలు దాన్ని చూసి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ఊగే ఆడమనిషి కనబడితే లష్కర్ పిల్లలు ఇంకేమనుకుంటారు? నేను వెంటనే "కూర్చోండే!" అని ఉండవలసింది. కాని మాల సగంలో ఉంది. సగం మాల వదిలేయడం నాకు తెలియదు. నా మౌనం అమ్మవారి మౌనమైపోయింది. "అమ్మా, నేను పాసైతనా?" అని ఒకతె. "అమ్మా, మా అక్కకు కొడుకు పుడ్తడా?" అని ఇంకొకతె. ఏడాదిగా నోరు విప్పని వెనక బెంచీ పిల్ల, "అమ్మా, యాక్షన్ల పోయిన మా అన్న ఎప్పుడొస్తడు?" అంది.

పూస నా వేళ్ళ మధ్య ఆగిపోయింది. ఆ పిల్లకు ఒక అన్న ఉన్నాడని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఏడాదిగా ఆమెకు నేను ప్రశ్నలు వేసి, ఆమె తరఫున జవాబులు చెప్పి, సెబాష్ అంటున్నాను.

నేను కళ్ళు తెరిచేలోగా మిరపకాయ ఆ పిల్ల భుజం పట్టుకుని, "వస్తడులేవే" అంది. మళ్ళీ నావైపు చూసి, దేవత పలకడం లేదని విసుగెత్తి, "అమ్మ ఏం జెప్తలేదు గని, వాన మబ్బులల్లకెళ్ళే వస్తది" అంది. "మబ్బులల్లకు ఎట్లొస్తదే నీళ్ళు?" "చెర్ల నీళ్ళు ఆవిరైతయ్, మా అమ్మ బువ్వ వండంగ మూతకు పడ్తది సూడు, గట్ల." మాల పూర్తయ్యేసరికి పాఠం పూర్తయింది. నేను చెప్పిందేమీ లేదు.

లోపాలాయన విధానం ప్రకారం ఇది గొప్ప ఫలితం. లష్కర్ విధానం ప్రకారం అంతకంటే గొప్పది. మూడో రోజుకల్లా జట్కావాడి భార్య వేపరెమ్మ, నిమ్మకాయ పట్టుకుని బడికి వచ్చి నా కాళ్ళ మీద పడింది. బర్రె పాలు ఇవ్వడం లేదట. నాకేమీ తెలియదు తల్లీ అన్నా వినదు. వదిలించుకోవడానికి, "గడ్డి మార్చి చూడు" అన్నాను. బర్రె పాలిచ్చింది. లోపం పట్టుకోవడం, మార్పు చేయడం, ఫలితం గమనించడం: మా బడి తరఫున సక్రమంగా జరిగిన మొదటి చర్యా పరిశోధన బహుశా ఆ బర్రె మీదిదే. ఆ మర్నాడు గేటు దగ్గర ఇంకో ఇద్దరు నిమ్మకాయలతో నిలబడ్డారు.

గంటమ్మగారు పిలిపించారు. "ఏవమ్మా, ఇది బడా, అమ్మవారి గుడా? ఆఫీసరుగారికి తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?" కాసేపు గంట అటూ ఇటూ జరిపి గొంతు తగ్గించారు: "పోనీలే, చిన్నదానివి. నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం మీటింగులో ఆ లెక్కలావిడ క్లాసు సంగతి ఉన్నదున్నట్టు చెప్పు. సంతలా ఉంటుంది, తెలుగు రాదు, అంతే. మనకెందుకొచ్చిన గొడవ?"

ఉన్నదున్నట్టు! ఇంటికి వెళ్తే మా మేనత్త, "చెప్పెయ్యే, నీ నౌకరీ నీకు దక్కాలె గద" అంది. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. మర్నాడు దాచలేక ఆపాకే చెప్పేశాను. ఆమె బుర్ఖా మడత పెడుతున్నది.

"చెప్పు చెల్లె. ఝూట్ గాదు గద! నా క్లాసుల లొల్లి ఉంటది. నాకు అక్షరాలు రావు. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

"మీ నౌకరీ పోతే?"

"పోతే మా ఆయిన, నేను ఇద్దరం కలిసి బూట్లు పాలిష్ పట్టుకుంటం," అని నవ్వింది. కాని ఆ మడత ఎంతకీ కుదరలేదు. పెట్టడం, విప్పడం, మళ్ళీ పెట్టడం. నేను చూడనట్టు పక్కకు తిరిగాను.

మీటింగు రోజు వచ్చింది. లోపాలాయన మధ్యలో, పక్కన గంటమ్మగారు, ముందు మేం. చరిత్ర టీచరూ కుట్టు టీచరూ ఒకరి క్లాసును ఒకరు ఎంత మెచ్చుకున్నారంటే, ఇక లోపాలే దొరకవేమోనని లోపాలాయనే భయపడ్డారు. తర్వాత నా వంతు. నిలబడ్డాను. గంటమ్మగారు నాకు దారి చూపించారు: "చెప్పమ్మా, ఆ క్లాసులో అల్లరి బాగా ఉంటుంది కదూ?"

ఇక్కడ నేనేదో ధైర్యం చేశానని రాసుకుంటే చదివేవాళ్ళు నమ్ముతారు గాని దేవుడు నమ్మడు. భయంతో నాలుక పిడచగట్టింది, అంతే. అవునంటే ఆపా పోతుంది, కాదంటే నేను పోతాను. చెయ్యి దానంతటదే కొంగు కిందికి వెళ్ళింది. రామ, రామ, రామ. గది నిశ్శబ్దమైపోయింది.

నిశ్శబ్దాన్ని పిల్లలే తట్టుకోలేరనుకున్నాను. పెద్దవాళ్ళు అసలే తట్టుకోలేరు. గంటమ్మగారు కదిలారు. "మొహమాటపడుతోందండీ... అల్లరేనండీ, నాకు తెలుసుగా." నేను పూస జరిపాను. "తెలుగు కూడా రాదండీ ఆవిడకి." ఇంకో పూస. "మేమేం కక్షతో అనటంలేదండీ. పిల్లల కోసమే. మా తోడికోడలి చెల్లెలు ఉందండీ, చక్కటి తెలుగు, సంగీతం కూడా వచ్చు, ఇక్కడ ఖాళీ వస్తుందని రాశాను, పాపం పెట్టె కూడా సర్దుకుంది..."

లోపాలాయన కుర్చీలో నిటారుగా అయ్యారు. "తోడికోడలి చెల్లెలేమిటి? ఆ ఖాళీలోకి మనిషి ఇదివరకే ఖాయమైంది. పై ఆఫీసులో నేనే చెప్పి ఉంచాను."

"ఎవరండీ?"

"మా మరదలు," అన్నారాయన, అనేశాక నోరు మూసుకున్నారు.

అప్పుడు మా కుట్టు టీచరు, ఎవరినీ నొప్పించడం తెలియని ఆ అమాయకురాలు, చుట్టూ చూసి అడిగింది: "ఖాళీ ఎక్కడుందండీ? ఆపా ఇక్కడే కూర్చుని ఉంది కదా?"

ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన రెండు జట్కాల్లా పెద్దలిద్దరూ ఆగిపోయారు. ఒకరు తప్పుకుంటే గాని ఇంకొకరికి దారి లేదు. అందరూ విన్నాక తప్పుకోవడానికీ దారి లేదు. అప్పుడు నాకు నోరు వచ్చింది. భయం తీరి కాదు, ఇక పోయేదేమీ లేదనిపించి. "ఆపా క్లాసుల లొల్లి ఉంటది సార్," అన్నాను. "ఆ లొల్లిల పిల్లలు లెక్క నేర్చుకుంటరు. నా క్లాసుల చప్పుడే లేదు, ఏమీ లేదు. నా లోపం నాకు దొరకలేదు సార్. కనిపెట్టింది ఆపానే." తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు. తలుపు గురించి కూడా చెప్పాననీ, సగం ఏడ్చాననీ ఆపా తర్వాత అందరికీ అభినయించి చూపించేది.

మరదలూ రాలేదు, తోడికోడలి చెల్లెలూ రాలేదు. ఒకరికిస్తే ఇంకొకరు పైకి రాస్తారన్న భయంతో ఆ ఇద్దరు పెద్దలూ ఆపా కుర్చీకి ఏళ్ళ తరబడి కాపలా కాశారు. న్యాయం జరిగిందని మేమంతా దేవుడికి దండం పెట్టుకున్నాం; అది ఏ దారిన వచ్చిందో అడిగి ఆయన్ను ఇబ్బంది పెట్టలేదు. లోపాలాయన మాత్రం నా మాలను వదల్లేదు. ప్రశ్న తర్వాతి మౌనం మీద గొప్ప ఉపన్యాసమిచ్చి పేరు తెచ్చుకున్నారు. అందులో నేను 'ఒక ఉపాధ్యాయిని'ని. ఆపా ఎక్కడా లేదు. ఆ తర్వాత ప్రతి ప్రశ్నకూ టీచర్లు మౌనం పాటించాలని ఉత్తర్వు వచ్చింది. మా చరిత్ర టీచరు దాన్ని చాలా నిష్ఠగా పాటించింది. మధ్యాహ్నం క్లాసుల్లో ఆమె మౌనానికి చిన్న గురక కూడా తోడయ్యేది.

నేను మాల ఇంట్లో పెట్టి, ఆపా చెప్పిన "జెర" దగ్గరికి తిరిగి వచ్చాను. సాయంత్రాలు ఆమెకు తెలుగు అక్షరాలు దిద్దించాను, ఆమె 'క్ష' రాసినప్పుడల్లా "ఇది అక్షరమా, జిలేబీయా?" అని గొడవ పెట్టుకునేది. హైదరాబాద్ స్టేట్ పోయి కొత్త రాష్ట్రం వచ్చింది, బడి బోర్డు మారింది, గంటమ్మగారు బదిలీ మీద గంటతో సహా వెళ్ళిపోయారు. ఆపా మాత్రం ఉద్యోగ విరమణదాకా అదే క్లాసులో ఇసుక పోయించింది. వెనక బెంచీ పిల్ల అన్న రాలేదు. ఆ పిల్ల చదువు పూర్తి చేసి, టీచరై, కాప్రా వైపు ఒక బడిలో చేరిందని ఆపాయే కబురు తెచ్చింది.

ఇప్పుడు తలచుకుంటే, పిల్లలు చేతులు జోడించి నిలబడి ఉండగా వాళ్ళ ముందు కళ్ళు మూసుకుని ఊగుతున్న ఆ పిచ్చి పంతులమ్మ మీద నవ్వూ వస్తుంది, కొంచెం ప్రేమా కలుగుతుంది. ఏమీ తెలియదు పాపం, అయినా అంత గట్టిగా నమ్మింది! ఆపా పోయి చాలా ఏళ్ళయింది. సాయంత్రం దీపం పెట్టాక నా వాళ్ళ పేర్ల వెంట ఆమె పేరు కూడా చెప్పుకుంటాను. ఎవరి ఉపన్యాసంలోనూ ఆమె ప్రస్తావన లేదు గనుక, ఇది చదివిన మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. మీ ప్రార్థన ఏ భాషలోదైనా సరే, అసలు ప్రార్థనే లేకపోయినా సరే, ఒక్కసారి మా ఆపాను తలచుకోండి. పేరు చెప్పలేదేమని అడక్కండి. లష్కర్‌లో ఆమెను ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. ఆపా అంటే చాలు, పలుకుతుంది.